లీచెస్‌లో క్రేజీహౌస్: తరచుగా అడిగే ప్రశ్నలు

చెస్ ఎత్తులు వచ్చు, కానీ మామూలు చెస్‌లో లేని పవర్లు ఉన్న ఆట ఏదైనా ఆన్‌లైన్‌లో ఆడాలనుంది అనేవాళ్ళ కోసం ఈ పేజీ. అలాంటి ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్రేజీహౌస్. లీచెస్ అనే ఉచిత సైటులో దీన్ని రోజంతా ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. ఇక్కడ క్వీన్‌ని మంత్రి అని, రూక్‌ని ఏనుగు అని, బిషప్‌ని శకటు అని, నైట్‌ని గుర్రం అని, పాన్‌ని బంటు అని రాశాను. గళ్ళ పేర్లు మాత్రం ఆన్‌లైన్ బోర్డు మీద కనిపించే పద్ధతిలోనే ఈ4, డి8 అని ఉంటాయి.

క్రేజీహౌస్ అంటే ఏమిటి? మామూలు చెస్‌కీ దీనికీ తేడా ఏముంది?

ఆట మొదలయ్యేటప్పుడు బోర్డు మామూలు చెస్ బోర్డే. పావులు నడిచే తీరూ అదే, రాజుని కట్టేస్తే గెలుపు అన్నదీ అదే. తేడా ఒక్క నియమంలో ఉంది. మీరు చంపిన పావు ఆటలోంచి బయటికి పోదు. రంగు మార్చుకుని మీ జేబులోకి వస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు బోర్డు మీది పావుని కదపకుండా, జేబులోంచి ఒక పావు తీసి ఖాళీగా ఉన్న గడిలో దింపొచ్చు. దింపడం కూడా ఒక ఎత్తు కిందే లెక్క.

ఈ ఒక్క నియమంతో ఆట రూపమే మారిపోతుంది. మామూలు చెస్‌లో మార్పిళ్ళు జరిగేకొద్దీ బోర్డు ఖాళీ అవుతుంది, చివరికి రాజులూ బంటులూ మిగిలి ఆట నెమ్మదిస్తుంది. క్రేజీహౌస్‌లో బోర్డు మీదివీ రెండు జేబుల్లోవీ కలిపితే ఎప్పుడు లెక్కపెట్టినా 32 పావులే ఉంటాయి. ఎంతసేపు ఆడినా ప్రమాదం తగ్గదు.

ఇందులో పవర్లు ఎలా వస్తాయి? డబ్బిచ్చి కొనుక్కోవాలా?

ఎదుటివారి పావుని చంపితేనే వస్తాయి. వేరే దారి లేదు.

నేను ఈ ఆటని నలుగురికీ చెప్పడానికి అసలు కారణం ఇదే. ఫోన్లో దొరికే బోర్డు ఆటలు చాలావాటిలో పవర్ అంటే కాయిన్లు పెట్టి కొనేదో, యాడ్ చూస్తే వచ్చేదో, అదృష్టం బాగుంటే తగిలేదో. క్రేజీహౌస్‌లో మీ జేబులో గుర్రం ఉందంటే అది మీరు బోర్డు మీద సంపాదించుకున్నది. దాన్ని మీరు దక్కించుకునేటప్పుడు ఎదుటివారికి ఏం దక్కిందో కూడా కళ్ళముందే కనిపిస్తుంది. రెండు జేబులూ ఇద్దరికీ కనిపిస్తాయి. దాచిపెట్టిన కార్డు లేదు, పాచిక లేదు. ఓడిపోతే ఎందుకు ఓడిపోయారో వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు.

లీచెస్ సంగతి కూడా చెప్పాలి. 2010లో ఫ్రాన్సుకి చెందిన తిబో డుప్లెసీ మొదలుపెట్టిన సైటు ఇది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. యాడ్లు లేవు, కోడ్ అంతా అందరికీ తెరిచి ఉంటుంది. విరాళాలతో నడుస్తుంది కాబట్టి ఇష్టమైతే ఎంతో కొంత ఇవ్వొచ్చు. ఇచ్చినవారికి దొరికేది పేరు పక్కన రెక్కల గుర్తు. ఆటలో వాళ్ళకి అదనంగా ఒక్క సౌకర్యం కూడా ఉండదు.

పావుని ఎక్కడైనా దింపొచ్చా? నియమాలేమిటి?

ఖాళీ గడి అయితే చాలు, ఎక్కడైనా దింపొచ్చు. ఎదుటివారి రాజు పక్కన కూడా. దింపుతూనే చెక్ చెప్పొచ్చు, చెక్‌మేట్ కూడా చేయొచ్చు. మీకు చెక్ పడితే మధ్యలో పావు దింపి అడ్డం పెట్టుకోవచ్చు. కానీ దింపుతూ ఎవరినీ చంపలేరు. మామూలు చెస్‌లో లాగే, మీ రాజు మీద చెక్ అలాగే ఉండిపోయేలా ఏ ఎత్తూ వేయలేరు.

బంటుకి మాత్రం ఒక హద్దుంది: మొదటి వరుసలో, ఎనిమిదో వరుసలో దింపకూడదు. ఏడో వరుసలో దింపొచ్చు. అంటే ఈ ఎత్తులో బంటుని ఏడో వరుసలో దింపి, పై ఎత్తులో ముందుకు జరిపి మంత్రిని చేసుకోవచ్చు. ఎదుటివారు పట్టించుకోకపోతే అదే ఆట ముగించేస్తుంది. రెండో వరుసలో దింపిన బంటు మామూలుగానే ఒకేసారి రెండు గళ్ళు జరగగలదు. దింపిన ఏనుగుతో మాత్రం కాస్లింగ్ (రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో జరగడం) కుదరదు. అది మొదటి నుంచీ కదలకుండా ఉన్న అసలు ఏనుగుతోనే చేయాలి.

బోర్డు పక్కన జేబు కనిపిస్తుంది. అందులోంచి పావుని లాగి గడిలో వదిలితే సరిపోతుంది. ఆట రాసుకునేటప్పుడు పావు అక్షరం, @ గుర్తు, గడి పేరు వరసగా వేస్తారు. ఎత్తుల జాబితాలో @ కనిపించిందంటే అక్కడ ఏదో దింపారన్నమాట.

చివరి వరుసకి చేరి మంత్రి అయిన బంటుని చంపితే జేబులోకి మంత్రి వస్తుందా?

రాదు, బంటే వస్తుంది. చిన్న నియమంలా కనిపిస్తుంది కానీ దీని ప్రభావం చాలా ఉంటుంది. బంటు నుంచి వచ్చిన మంత్రిని మీరు ధైర్యంగా బలిచ్చేయొచ్చు, ఎదుటివారికి దక్కేది ఒక బంటే. అసలు మంత్రిని బలిస్తే వాళ్ళ జేబులోకి అసలు మంత్రే వెళుతుంది. బోర్డు మీద రెండూ ఒకేలా కనిపించినా, ఏది అసలుదో ఏది బంటు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని ఆడాలి.

అడ్డం దింపుకోవచ్చు కదా, మరి చెక్‌మేట్ ఎలా చేస్తారు?

కొత్తవాళ్ళని ముందు తికమక పెట్టేది ఇదే. ఏనుగుతో దూరం నుంచి చెక్ చెప్తారు, రాజు కదలలేడు, మేట్ అయిపోయిందనుకుంటారు. ఎదుటివారు మధ్యలో ఒక బంటు దింపుతారు, ఆట మళ్ళీ మొదలు. జేబులో పావు ఉన్నంతకాలం దూరపు చెక్ వల్ల మేట్ దాదాపు కాదు. అందుకే ఇక్కడ పనికొచ్చేవి అడ్డం పెట్టలేని చెక్‌లు. అవి ముఖ్యంగా రెండు రకాలు.

ఒకటి గుర్రం చెక్. గుర్రం దూకే పావు, దాని దారిలో అడ్డం పెట్టడానికి గడే ఉండదు. నల్ల రాజు హెచ్8లో ఉన్నాడు, పక్కన జి8లో తన ఏనుగే ఉంది, ముందు జి7, హెచ్7 గళ్ళలో తన బంటులే ఉన్నాయి అనుకోండి. ఎఫ్7 ఖాళీగా ఉండి, ఆ గడిని నల్లవైపు ఇంకే పావూ కాయకపోతే, జేబులోంచి గుర్రం తీసి ఎఫ్7లో దింపితే ఆట అయిపోయినట్టే. రాజు తన వాళ్ళ మధ్యే ఇరుక్కుపోతాడు. మామూలు చెస్‌లో ఈ మేట్ కావాలంటే చాలాసార్లు ముందు మంత్రిని బలివ్వాల్సి వస్తుంది. ఇక్కడ జేబులో ఒక్క గుర్రం చాలు.

రెండోది రాజుకి ఆనుకుని ఇచ్చే చెక్. నల్ల రాజు జి8లో, ఏనుగు ఎఫ్8లో, బంటులు ఎఫ్7, జి6, హెచ్7లో ఉన్నాయి. జి7 ఖాళీ. మీ బంటు ఒకటి హెచ్6లోనో ఎఫ్6లోనో కూర్చుని ఉంది. మంత్రిని తీసి జి7లో దింపండి. నల్లవాళ్ళ వేరే పావు ఏదీ జి7ని కొట్టలేకపోతే మేట్. రాజు మంత్రిని చంపలేడు, వెనక బంటు కాపు ఉంది. పారిపోదామన్నా గళ్ళు లేవు. ఆ హెచ్6 బంటుని కూడా ముందు ఎత్తులో జేబులోంచే దింపి ఉండొచ్చు. ఇది తెలిసినవారెవరూ రాజు ముందున్న జి బంటుని ఊరికే ముందుకు జరపరు.

దూరపు చెక్‌లు దండగ అని కాదు. ప్రతి దూరపు చెక్‌కీ ఎదుటివారు జేబులోంచి ఒక పావు ఖర్చు పెట్టాలి. ఆ అడ్డం పెట్టిన పావుని మీరు చంపితే అది మీ జేబులోకే వస్తుంది. వాళ్ళ జేబు ఖాళీ అయ్యేదాకా చెక్‌లు ఇచ్చి, అప్పుడు అడ్డం పెట్టలేని చెక్‌తో ముగించడం అసలు పద్ధతి.

పావుల విలువ మామూలు చెస్‌లో లాగే ఉంటుందా?

ఉండదు. మామూలు చెస్ లెక్కలో బంటు 1, గుర్రం, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. ఆ లెక్క ఇక్కడికి తెచ్చుకుంటే నష్టపోతారు. చాలామంది వాడే మోటు లెక్క ఇది: బంటు 1 అయితే గుర్రం, శకటు, ఏనుగు మూడూ తలా 2, మంత్రి 4.

ఏనుగు అంత పడిపోవడానికి కారణం ఉంది. ఏనుగు బలం తెరుచుకున్న వరుసల్లో ఉంటుంది. ఇక్కడ బోర్డు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఆట చాలాసార్లు ఏనుగులు మూలల్లోంచి బయటికి రాకముందే తేలిపోతుంది. హెచ్8 మూలలో నిద్రపోతున్న ఏనుగుని చంపడానికి మీ గుర్రం అంత దూరం వెళ్ళిందంటే, ఆ సమయంలో మీ రాజు చుట్టూ ఏం జరుగుతోందో చూసుకోవాలి. గుర్రం విలువ మాత్రం జేబులో ఉన్నప్పుడు బాగా పెరుగుతుంది. బంటుని కూడా తక్కువగా చూడొద్దు. రాజు కోట గోడకి కన్నం పెట్టేది ఎక్కువగా బంటే.

అయితే ఈ అంకెలన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది: చొరవ. ఇప్పుడు ఎవరి ఎత్తుకి ఎవరు జవాబు చెప్పుకుంటున్నారు అన్నది. రెండు పావులు ఎక్కువున్నా జవాబులు చెప్పుకునే పక్షం ఓడిపోవడం ఇక్కడ మామూలే.

మంత్రుల మార్పిడి జరిగితే ఎవరికి లాభం?

ముందు ఎవరు చంపితే వాళ్ళకి. క్రేజీహౌస్‌లో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదేనని నా అభిప్రాయం, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

మీరు మంత్రితో వాళ్ళ మంత్రిని చంపారు. మీ జేబులోకి మంత్రి వచ్చింది. వాళ్ళు తిరిగి మీ మంత్రిని చంపారు, వాళ్ళ జేబులోకీ మంత్రి వచ్చింది. ఇప్పుడు వంతు మీది. ఇద్దరి చేతుల్లోనూ మంత్రి ఉన్నా, దాన్ని ముందు వాడుకునే అవకాశం మీకే దక్కింది.

ఒక చిన్న ఆట చూడండి. తెల్లవాళ్ళు బంటుని ఈ4కి, నల్లవాళ్ళు ఈ5కి జరిపారు. తెల్ల బంటు డి4కి, నల్ల బంటు డి6కి వచ్చాయి. డి4 బంటు ఈ5ని చంపింది, డి6 బంటు తిరిగి ఈ5లోనే దాన్ని చంపింది. డి నిలువు వరుస తెరుచుకుంది. తెల్ల మంత్రి డి8లో ఉన్న నల్ల మంత్రిని చంపి చెక్ చెప్పింది. రాజు దాన్ని చంపక తప్పదు. ఇంతవరకూ మామూలు చెస్‌లో అయితే నల్లవాళ్ళకి కాస్లింగ్ పోయిందే తప్ప పెద్ద ప్రమాదం లేదు, ప్రశాంతంగా ఆడుకోవచ్చు.

క్రేజీహౌస్‌లో ఇప్పుడు ఇద్దరి జేబుల్లోనూ ఒక మంత్రి, ఒక బంటు ఉన్నాయి, వంతు తెల్లవాళ్ళది. సి1లోని శకటు జి5కి వచ్చి చెక్ చెబుతుంది. నల్ల రాజు కంగారుపడి ఈ8కి వెనక్కి వెళ్ళాడంటే అంతే సంగతులు. తెల్లవాళ్ళు జేబులోంచి మంత్రిని తీసి డి8లో దింపుతారు. వెనక జి5 శకటు కాపు ఉంది, రాజు చంపలేడు. డి7, ఈ7 రెండూ మంత్రి చూపులో ఉన్నాయి. ఎఫ్7లో, ఎఫ్8లో తన పావులే ఉన్నాయి. ఆరో ఎత్తులో చెక్‌మేట్. రాజు వెనక్కి వెళ్ళకుండా ఎఫ్6లోనో ఈ7లోనో అడ్డం పెట్టి ఉంటే వెంటనే పోయేవాడు కాదు, కానీ టెన్షన్ అంతా నల్లవాళ్ళకే.

అందుకే మార్పిడికి దిగేముందు ఒక్కటే అడగండి: ఇది అయిపోయాక వంతు ఎవరిది?

ఆట ఎలా మొదలుపెట్టాలి? రాజుని ఎలా కాపాడుకోవాలి?

మంచి అలవాట్లు మామూలు చెస్‌లోవే: మధ్య గళ్ళు పట్టుకోవడం, గుర్రాలూ శకట్లూ త్వరగా బయటికి తేవడం, వీలైనంత తొందరగా కాస్లింగ్ చేయడం. ఇక్కడ అవి ఇంకా అవసరం. తెల్ల పావులకి మొదటి ఎత్తు వల్ల వచ్చే లాభం మామూలు చెస్‌లో కన్నా చాలా ఎక్కువ. నల్ల పావులతో ఆడేటప్పుడు మొదటి ఎత్తుల్లో దూకుడుకి పోకుండా గట్టిగా నిలబడటం మేలు.

రాజు ముందున్న బంటుల జోలికి పోకండి. బంటు ఒక గడి జరిగితే దాని వెనక, పక్కన కన్నాలు పడతాయి, ఆ కన్నాల్లోకి ఎదుటివారి పావులు ఆకాశంలోంచి దిగుతాయి. నల్లవైపు ఎఫ్7, తెల్లవైపు ఎఫ్2 మొదట్లో రాజు ఒక్కడే కాసే గళ్ళు కాబట్టి దెబ్బలు ఎక్కువగా అక్కడే పడతాయి. రాజు దగ్గర కాపుగా ఉన్న శకటుని తేలిగ్గా మార్పిడి చేసుకోవద్దు. అది పోతే ఆ రంగు గళ్ళన్నీ దిక్కులేనివైపోతాయి.

అవసరమైతే జేబులోంచి తీసి మీ రాజు పక్కనే దింపండి. చాలామంది కొత్తవాళ్ళు జేబు అంటే దాడికే అనుకుంటారు. సరైన సమయంలో జి7లోనో హెచ్7లోనో పెట్టిన ఒక బంటు ఎదుటివారి దాడి మొత్తాన్ని ఆపేస్తుంది.

పావుల్ని బలివ్వడం ఇక్కడ సులువా?

సులువే, కానీ ఖరీదు రెండింతలు. మామూలు చెస్‌లో గుర్రాన్ని బలిస్తే మీకు ఒక గుర్రం తగ్గుతుంది. ఇక్కడ మీకు తగ్గడమే కాదు, ఎదుటివారి జేబులోకి ఒక గుర్రం చేరుతుంది. మీ దాడి మధ్యలో ఆగిపోయిందా, మీ పావులే రంగు మార్చుకుని మీ రాజు మీదికి వస్తాయి.

బలిచ్చేముందు చూసుకోవాల్సింది ఒకటే: ఆ తర్వాత ప్రతి ఎత్తూ చెక్ గానీ, జవాబు చెప్పక తప్పని బెదిరింపు గానీ అవుతుందా? అయితే ఎన్ని పావులైనా ఇచ్చేయండి. మేట్ అయ్యాక వాళ్ళ జేబులో ఏమున్నా ఒకటే. మధ్యలో ఒక్క ఎత్తు ఖాళీ దొరికినా వాళ్ళు తిరగబడతారు, అప్పుడు ఆపడం కష్టం.

జేబులో పావుల్ని దాచుకోవాలా, వెంటనే దింపేయాలా?

రెండూ సరికాదు. దింపని పావు బోర్డు మీద ఏ పనీ చేయదు, కానీ అన్ని ఖాళీ గళ్ళనూ ఒకేసారి బెదిరిస్తుంది. దింపిన మరుక్షణం అది ఒక్క చోటికే పరిమితం. జేబులో గుర్రం ఉన్నంతసేపు ఎదుటివారు ప్రతి ఎత్తుకీ గుర్రం చెక్‌లన్నీ లెక్కేసుకోవాల్సిందే. ఆ భయం కోసమే మంచి ఆటగాళ్ళు ఒక గుర్రాన్ని చివరిదాకా అట్టిపెట్టుకుంటారు. బంటులు, శకట్లు ముందు ఖర్చు పెడతారు. దాడి చేస్తున్నప్పుడు చాలినన్ని పావులు లేకపోతే, ముందు ఒక మార్పిడి చేసి జేబు నింపుకుని అప్పుడు దిగడం కూడా మామూలే.

ఆట డ్రా అవుతుందా?

చాలా అరుదుగా. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. పావులు చాలక డ్రా అవడమన్నది ఉండదు. జేబులో ఏదైనా ఉండి, దింపడానికి ఖాళీ గడి ఉంటే ఎత్తు ఉన్నట్టే కాబట్టి స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు లేకపోవడం) కూడా దాదాపు కనిపించదు.

ఎంత టైమ్ పెట్టుకుని ఆడాలి?

ఎక్కువమంది ఒక నిమిషం, మూడు నిమిషాల ఆటలు ఆడతారు. కొత్తవాళ్ళు వాటి జోలికి వెళ్ళకుండా ఐదు నిమిషాలకి తోడు ఎత్తుకి కొన్ని సెకన్లు కలిసే ఆటలతో మొదలుపెట్టాలని నా సలహా. మామూలు చెస్‌లో ఒక స్థితిలో 30, 40 ఎత్తులు కుదిరితే, ఇక్కడ జేబు నిండా ఉన్నప్పుడు వందకి పైగా కుదరొచ్చు. కంటికి అలవాటు పడేదాకా టైమ్ కావాలి. లేకపోతే మీరు నేర్చుకునేది మౌస్ వేగమే.

లీచెస్‌లో క్రేజీహౌస్ రేటింగ్ మామూలు చెస్ రేటింగుతో కలవదు, వేరుగా ఉంటుంది. 1500తో మొదలై, ఆటలు చాలినన్ని అయ్యేదాకా పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. మొదటి రోజుల్లో అది పడిపోతే బాధపడొద్దు.

ఈ ఆట ఎక్కడ పుట్టింది?

దీని దగ్గరి చుట్టం బగ్‌హౌస్. అందులో నలుగురు ఆడతారు, ఇద్దరిద్దరు జట్లుగా, రెండు బోర్డుల మీద. ఒకే జట్టులో ఒకరిది తెలుపు, ఒకరిది నలుపు. మీరు చంపిన పావుని పక్కనున్న మీ జోడీకి అందిస్తారు, వారు తమ బోర్డు మీద దింపుతారు. దీన్నే ఇద్దరు, ఒకే బోర్డు మీద ఆడేలా మారిస్తే క్రేజీహౌస్. 1995లో మొదలైన ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్ వంటి తొలి ఆన్‌లైన్ వేదికల మీద ఇది బాగా పాకింది. లీచెస్‌లో బగ్‌హౌస్ లేదు, చెస్.కామ్‌లో ఉంది.

చంపిన పావుని తిరిగి దింపడం అన్న ఆలోచన మాత్రం అంతకన్నా చాలా పాతది. జపాన్ వాళ్ళ షోగిలో అది వందల ఏళ్ళుగా ఉంది. షోగి పావులు పలకల్లా ఉంటాయి, రెండు పక్షాలవీ ఒకే రంగు. మొన ఎటువైపు చూస్తోందో దాన్ని బట్టే పావు ఎవరిదో తెలుస్తుంది. అందుకే చంపినదాన్ని తిప్పి పెట్టేస్తే చాలు. షోగిలో బంటుని దింపి మేట్ చేయకూడదన్న నియమం ఉంది. క్రేజీహౌస్‌లో అలాంటి అడ్డు లేదు, బంటుతో కూడా ముగించొచ్చు. షోగి ఆడాలనుకుంటే లీచెస్ కోడ్ మీదే కట్టిన లీషోగి అనే సైటు ఉంది.

ఇంట్లో మామూలు బోర్డు మీద ఆడొచ్చా?

ఆడొచ్చు, కానీ రెండు సెట్లు కావాలి. నల్ల గుర్రాన్ని చంపితే మీకు తెల్ల గుర్రం కావాలి కదా. ఒకే కొలతల సెట్లు రెండు ఉంటే చంపినదాన్ని పక్కన పెట్టి, రెండో సెట్టులోంచి అదే పావుని మీ రంగులో తీసుకోవచ్చు. నలుగురుంటే బగ్‌హౌస్ ఇంకా నయం, అందులో రంగు మార్చే పనే ఉండదు. సెలవులకి పిల్లలంతా ఒక ఇంట్లో చేరినప్పుడు దాన్ని మించిన సందడి లేదు.

కంప్యూటర్లు ఈ ఆటని బాగా ఆడతాయా?

మనుషులకన్నా చాలా బాగా. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన క్రేజీఆరా అనే ప్రోగ్రాం, లీచెస్‌లో మనుషులు ఆడిన క్రేజీహౌస్ ఆటల నుంచే నేర్చుకుంది. రకరకాల చెస్ ఆటలకి సరిపోయేలా మలిచిన ఫెయిరీ స్టాక్‌ఫిష్ లీచెస్‌లోనే ఉంది. దానితో నేరుగా ఆడొచ్చు, మీ ఆటని పరిశీలించమని కూడా అడగొచ్చు.

ఆట జరుగుతుండగా దాని సాయం తీసుకోవడం మాత్రం మోసం. పట్టుబడితే ఖాతా మీద గుర్తు పడుతుంది. ఎదుటివారి మీద అనుమానం వస్తే ఆ ఆట లింకుతో ఫిర్యాదు పంపండి, చాట్‌లో గొడవ పెట్టుకోవద్దు. ఒక్క అద్భుతమైన ఎత్తు చూసి ఎవరినీ దొంగ అనుకోకూడదు కూడా. గుర్రంతో మేట్ చేయడం ఈ ఆట తెలిసినవారికి కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది.

పవర్లున్న వేరే చెస్ ఆటలు ఏమున్నాయి?

లీచెస్‌లోనే ఇంకా ఉన్నాయి. అటామిక్‌లో ఏ పావుని చంపినా పేలుడు జరుగుతుంది. చంపినది, చచ్చినది, చుట్టూ ఎనిమిది గళ్ళలో బంటులు కానివన్నీ పోతాయి. పేలుడులో రాజు పోతే ఆట ముగుస్తుంది. త్రీ చెక్‌లో మూడోసారి చెక్ చెప్పినవారిదే గెలుపు. కింగ్ ఆఫ్ ది హిల్‌లో రాజుని మధ్యనున్న నాలుగు గళ్ళలో ఒకదాంట్లోకి చేర్చినా గెలిచినట్టే. హోర్డ్‌లో తెల్లవైపు రాజే ఉండడు, 36 బంటులు ఉంటాయి. మంత్రాల్లాంటి పవర్లే కావాలంటే చెస్.కామ్‌లో స్పెల్ చెస్ ఉంది. పావుల్ని కొయ్యబార్చే మంత్రం, అడ్డున్న పావు మీంచి దూకించే మంత్రం అందులో ఉంటాయి. సరదాగానే ఉంటుంది. కానీ అందులో పవర్లు ఆట మొదట్లోనే ఇద్దరికీ పంచిపెడతారు. సంపాదించుకోవడంలో ఉన్న మజా నాకు క్రేజీహౌస్‌లోనే దొరికింది.

ఇది ఆడితే మామూలు చెస్ పాడవుతుందా? పిల్లల చేత ఆడించొచ్చా?

టోర్నమెంట్లకి తయారవుతున్న పిల్లలకి కోచ్‌లు దీన్ని వద్దనడం వింటుంటాం. వాళ్ళ భయంలో కొంత నిజముంది. పావుల విలువ వేరు, చివరి దశ ఆట ఇందులో అసలు రాదు. పోటీకి వారం ముందు దీన్ని పక్కన పెట్టడం మంచిదే. కానీ రాజు మీద దాడి ఎలా కట్టాలి, చెక్‌లన్నీ వరసగా ఎలా వెతకాలి, చొరవ ఎందుకు పోగొట్టుకోకూడదు అన్నవి ఇందులో ఒంటబట్టినంత తొందరగా ఇంకెక్కడా ఒంటబట్టవు. చెస్ అంటే విసుగొచ్చిన పిల్లాడు దీనివల్ల మళ్ళీ బోర్డు దగ్గరికి వస్తే అది చిన్న సంగతి కాదు.

పిల్లల ఖాతాలో కిడ్ మోడ్ పెట్టండి. చాట్, మెసేజీలు అన్నీ ఆగిపోతాయి, ఆట ఒక్కటే మిగులుతుంది.

డబ్బు పందెం పెట్టి ఆడొచ్చా?

లీచెస్‌లో అలాంటి ఏర్పాటే లేదు. బయట ఎవరైనా క్రేజీహౌస్ పేరుతో ఎంట్రీ ఫీజు కట్టించుకుని గెలిస్తే డబ్బులిస్తామంటే దూరంగా ఉండండి. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. నైపుణ్యంతో ఆడేదైనా, అదృష్టంతో ఆడేదైనా డబ్బు పందెం ఉంటే ఆ చట్టం కిందికి వస్తుంది. ఊరికే ఆడుకునే ఆటలకి దానితో ఇబ్బంది లేదు.

సరే, ఈరోజే మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

లీచెస్‌లో ఖాతా తెరవండి, ఫోన్ బ్రౌజర్ అయినా చాలు. కొత్త ఆట సృష్టించేచోట వేరియంట్ అని ఉంటుంది, అందులో క్రేజీహౌస్ ఎంచుకోండి. ముందు కంప్యూటర్‌తో తక్కువ స్థాయిలో ఆడితే దింపడం చేతికి అలవాటవుతుంది. తర్వాత మనుషులతో ఆడండి. అరీనా టోర్నమెంట్లు తరచూ జరుగుతుంటాయి, అందులో ఓడినా వెంటనే ఇంకో ఆట దొరుకుతుంది. బాగా ఆడేవాళ్ళని చూడాలంటే సైటులోని టీవీలో క్రేజీహౌస్‌కి వేరే చానెల్ ఉంది.

ఓడిపోయిన ప్రతి ఆటా అయ్యాక పరిశీలన బోర్డు తెరిచి, కంప్యూటర్ అంకెల్ని ముందు ఆపేయండి. మేట్ పడిన ఎత్తు నుంచి వెనక్కి ఒక్కొక్క ఎత్తే జరుగుతూ, వరసగా మీరే జవాబులు చెప్పుకోవడం ఎక్కడ మొదలైందో వెతకండి. చాలాసార్లు అది ఏదో ఒక మార్పిడి దగ్గర, వంతు ఎదుటివారికి వదిలేసిన చోట దొరుకుతుంది. దొరికాక అప్పుడు కంప్యూటర్‌ని ఆన్ చేసి, అక్కడ ఏం దింపి ఉండాల్సిందో అడగండి.